ఐదు స్టార్లు ఇస్తేనే 'క్విడ్ ప్రో క్వో' పేజీ తెరుస్తానన్న యాప్

ఈ లాటిన్ మాటల యాప్ మీద నాకేమీ పగ లేదు, ముందే చెప్తున్నా. మూడు నెలలుగా వాడుతున్నాను, ఏడాది చందా కూడా కట్టాను, కొన్ని విషయాల్లో బాగానే ఉంది. కానీ మొదటి రోజు జరిగింది చెప్పకుండా రివ్యూ రాయలేను. 'క్విడ్ ప్రో క్వో' అని వెతికితే, ఒకటి ఇచ్చి దానికి బదులుగా ఇంకొకటి తీసుకోవడం అని రెండు లైన్ల అర్థం కనిపించింది, దాని కింద 'ఇంకా చదవండి' అని ఉంది, సరేనని నొక్కితే స్క్రీన్ మధ్యలో ఒక డబ్బా లేచింది. మాకు ఐదు స్టార్లు ఇవ్వండి, ఈ పేజీతో పాటు ఇంకో యాభై మాటలు ఉచితంగా తెరుచుకుంటాయి అని. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఏ మాటకి అర్థం వెతుకుతున్నానో ఆ మాటే ఎదురొచ్చి చెయ్యి చాపింది.

ఆ డబ్బా సంగతి మళ్లీ చెప్తాను. ముందు అసలు ఈ యాప్ దాకా ఎందుకొచ్చానో చెప్పాలి, ఎందుకంటే దీనికి నేను మార్కులు వేస్తున్నది దాన్నిబట్టే.

అగ్రిమెంట్లు, వాటి చుట్టూ తిరిగే మెయిళ్లు చదివి సరిచేయడం నా పని. మా ఆఫీసులో పక్క సీటతను ఒక క్లయింటుకి మెయిల్ రాస్తూ, మీ డేటా మాకివ్వండి, మేము మీకు ఒక రిపోర్టు ఉత్తపుణ్యానికి చేసి పెడతాం అనే ఉద్దేశంతో 'దీన్ని ఒక క్విడ్ ప్రో క్వోగా అనుకుందాం' అని ఇంగ్లీషులో చక్కగా రాసి పంపేశాడు. అతని మనసులో ఉన్నది మామూలు ఇచ్చిపుచ్చుకోవడం, అంతకు మించి ఏమీ లేదు. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చిన జవాబు ఆ క్లయింటు రాసింది కాదు, వాళ్ల కంప్లయన్స్ వాళ్లు, అంటే కంపెనీలో చట్టం, రూల్స్ తప్పకుండా చూసేవాళ్లు రాసింది, మీరు చెప్పిన ఏర్పాటు ఏమిటో రాతపూర్వకంగా వివరించండి అని. పాపం టెన్షన్‌తో నా దగ్గరికొచ్చి "డిక్షనరీలో చూసే రాశానండీ, తప్పేముంది ఇందులో" అన్నాడు. డిక్షనరీ అతనికి అబద్ధం చెప్పలేదు. ఒకటి ఇస్తే దానికి బదులుగా ఇంకొకటి అనే రాసుంటుంది. ఆ మాట చెవిన పడితే అవతలివాళ్లు ఇప్పుడేమనుకుంటారో ఆ లైనులో పట్టలేదు.

అందుకే యాప్ కొన్నాను. లాటిన్ మాటకి రెండు లైన్ల అర్థం ఇంటర్నెట్‌లో ఎక్కడ పడితే అక్కడ ఊరికే దొరుకుతుంది. డబ్బు పెట్టి కొనుక్కునేది ఆ మాటని ఎవరు, ఎప్పుడు, ఏ ముఖంతో అంటారో తెలుసుకోవడానికి.

బాగున్నవి ముందు. వెతకడం హాయిగా ఉంది, స్పెల్లింగు తప్పు కొట్టినా మాట పట్టేస్తుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. రోజుకో మాట పంపిస్తుంది, విసిగించదు. 'ఐ.ఇ.', 'ఇ.జి.' రెండింటి తేడా చెప్పే పేజీ నేను చూసినవాటిలో అన్నిటికంటే శుభ్రంగా ఉంది. మొదటిది 'ఇద్ ఎస్త్', 'అంటే' అని అర్థం, రెండోది 'ఎగ్జెంప్లి గ్రాషియా', 'ఉదాహరణకి' అని అర్థం, ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఒక క్లాజు పరిధి ఎంత మారిపోతుందో రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూపించారు. 'మరికొందరు' అని అర్థమొచ్చే 'ఎట్ ఆల్.'లో చుక్క 'ఆల్' తర్వాతే, 'ఎట్' తర్వాత పెట్టకూడదని కూడా చెప్పారు. ఈ యాప్ తయారుచేసిన వాళ్లలో ఒక్కరికైనా భాష మీద శ్రద్ధ ఉందని ఈ రెండు పేజీలు చూస్తే తెలుస్తుంది.

మాటని విడగొట్టి చూపించడమూ బాగుంది. క్విడ్ అంటే ఏదో ఒకటి. ప్రో అంటే బదులుగా. క్వో కూడా కొత్త మాటేమీ కాదు, ఆ క్విడ్డే 'ప్రో' తర్వాత వచ్చినందుకు విభక్తి మారి క్వో అయింది. మూడు ముక్కలకి మూడు రంగులు వేసి, క్విడ్‌కీ క్వోకీ మాత్రం ఒకే రంగులో లేతదీ ముదురుదీ వాడారు. ఆ చిన్న తెలివికి నేను ముచ్చటపడ్డాను. విభక్తి మారితే మాట ఆకారం మారడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటే కాబట్టి తెలుగు వాళ్లకి ఇది చిటికెలో ఎక్కుతుంది. దేనికో బదులు ఏదో, అంతే.

ఇక్కడి నుంచి పేజీ జారిపోయింది.

'చరిత్ర' అని ఒక ట్యాబ్ ఉంది. తెరిస్తే 'ఇది లాటిన్ నుంచి వచ్చింది' అని ఒక్క లైను. అది నాకు తెలుసు బాబూ, లాటిన్ యాప్‌లోనే కదా ఉన్నాను. నిజానికి ఈ మాటకున్న కథ చాలా మాటలకి లేదు. ఇది పుట్టింది లంచాల ఆఫీసులో అనుకుంటాం గానీ, ఎదిగింది మందుల కొట్లలో. ఐరోపాలో పాతకాలపు మందులు నూరేవాళ్ల దగ్గర కొన్ని జాబితాలు ఉండేవి. ఫలానా మూలిక దొరక్కపోతే ఫలానాది వెయ్యి, ఈ విత్తనం లేకపోతే ఆ విత్తనం సరిపోతుంది అని. గ్రీకు వైద్యుడు గాలెన్ పేరు మీద కూడా అలాంటి బదులు మందుల జాబితా ఒకటి చాలాకాలం చెలామణీ అయింది. ఇలాంటి బదులు మందుల జాబితాలకి మధ్యయుగాల లాటిన్‌లో ఉన్న పేరే క్విడ్ ప్రో క్వో. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి అడుగుపెట్టినప్పుడు కూడా దాని అర్థం అదే, ఒక మందుకి బదులు ఇంకో మందు ఇవ్వడం. తెలిసి ఇచ్చినా, పొరపాటున ఇచ్చినా, మోసం చేసి ఇచ్చినా అదే మాట.

ఆ తర్వాత ఈ మాట ఒక్కో భాషలో ఒక్కో దారి పట్టింది. ఫ్రెంచిలో 'కిప్రోకో' అంటే ఇప్పటికీ పొరపాటే, ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం, ఒకటి చెప్తే ఇంకోటి అర్థం చేసుకోవడం. హాస్య నాటకాల్లో ఆడవేషం వేసుకొచ్చిన మగవాడిని చూసి ఇంకెవరో అనుకుని ప్రేమలేఖ ఇచ్చేస్తే నవ్వుతాం కదా, దానికి వాళ్ల మాట అదే. ఇటాలియన్‌లోనూ 'క్వి ప్రో క్వో' అంటే అపార్థమే. ఇంగ్లీషు మాత్రం మోసాన్నీ పొరపాటునీ వదిలేసి 'ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోవడం' అనే కొసని పట్టుకుంది. అంటే మా ఆఫీసతను అదే మెయిల్‌ని ఒక ఫ్రెంచి క్లయింటుకి పంపి ఉంటే, 'దీన్ని ఒక అపార్థంగా అనుకుందాం' అని చదువుకుని అతను తల గోక్కునేవాడేమో. ఇది వట్టి సరదా సమాచారం కాదు, నాలుగు దేశాలవాళ్లతో మెయిళ్లు నడిపేవాడికి రోజూ పనికొచ్చేది. యాప్‌లో 'ఇతర భాషల్లో' అనే ట్యాబ్ ఉంది కూడా. ఖాళీగా ఉంది.

ఇంకోటి కూడా ఉండాల్సింది. రోమన్లు ఇచ్చిపుచ్చుకోవడానికి వాడుకున్న మాట వేరే ఉంది, 'దో ఉత్ దెస్'. నువ్విస్తావని నేనిస్తున్నాను అని. రోమన్ చట్టంలో దీనికి అన్నదమ్ములు కూడా ఉన్నారు. నువ్విస్తావని నేనిస్తున్నాను, నువ్వు చేస్తావని నేనిస్తున్నాను, నువ్విస్తావని నేను చేస్తున్నాను, నువ్వు చేస్తావని నేను చేస్తున్నాను. నాలుగు రకాల ఒప్పందాలు నాలుగు ముక్కల్లో అయిపోయాయి. దేవుడికి మొక్కుకోవడాన్ని కూడా ఇదే మాటతో వివరిస్తారు. జర్మన్, ఇటాలియన్ రాతల్లో మనం క్విడ్ ప్రో క్వో అనేచోట 'దో ఉత్ దెస్' కనిపిస్తుంది. యాప్‌లో వెతికితే 'మీరు డోసేజ్ అని వెతుకుతున్నారా' అని అడిగింది. మందుల కొట్టు కథ రాయలేదు గానీ ఇక్కడ మాత్రం మందులు గుర్తొచ్చాయి దీనికి.

సరే, చరిత్ర లేకపోతే పోనీ. వాడకం సంగతి చూద్దాం. ఇక్కడే నాకు ఎక్కువ బాధ.

పేజీలో ఉదాహరణ వాక్యాలు మూడు. ముగ్గురు స్నేహితులు నోట్సులు పంచుకోవడం, ఇరుగుపొరుగు కుక్కల్ని చూసుకోవడం, అన్నాచెల్లెళ్లు పనులు మార్చుకోవడం. చదివితే ఎంత మంచి మాటో అనిపిస్తుంది. వ్యాకరణం ప్రకారం మూడూ సరైనవే. కానీ ఇవి చదివినవాడు వెళ్లి క్లయింటుకి మెయిల్ రాస్తాడు, కంప్లయన్స్ వాళ్ల దగ్గర నిలబడతాడు. ఇప్పుడు ఇంగ్లీషు వార్తల్లో, ఆఫీసుల్లో ఈ మాట వినపడితే ముందుగా తట్టేది 'అయితే ఎవరు ఎవరి చేతులు తడిపారు' అనే.

న్యాయశాస్త్రంలో మాత్రం ఇది చాలాకాలం ఏ మచ్చా లేని మాట. పాత కోర్టు తీర్పుల ఆధారంగా నడిచే ఇంగ్లీషు కామన్ లాలో ఒప్పందం నిలబడాలంటే ఉత్త మాటిస్తే చాలదు, అవతలి నుంచి ప్రతిఫలం కూడా ఉండాలి, ఆ ప్రతిఫలాన్ని క్విడ్ ప్రో క్వో అనేవాళ్లు. ఆ లెక్కన మీ జీతం కూడా క్విడ్ ప్రో క్వోనే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అదే మాట అవినీతి కేసుల్లోకి వెళ్లేసరికి నేరానికి కొలబద్ద అయింది. 1999లో అమెరికా సుప్రీంకోర్టు సన్-డైమండ్ కేసులో లంచానికీ బహుమానానికీ తేడా చెప్పింది ఈ మాటతోనే. ఫలానా అధికారిక పని చేసిపెట్టడానికి బదులుగా ఇచ్చిపుచ్చుకుంటే లంచం, అక్కడ క్విడ్ ప్రో క్వో ఉండి తీరాలి. పని అయిపోయాక సంతోషించి ఇచ్చింది అయితే అది వేరే నేరం, వేరే శిక్ష. అంటే కోర్టులో వాదన అంతా 'డబ్బు ఇచ్చాడా' దగ్గర ఆగదు, 'దేనికి బదులుగా' దగ్గరికి వెళ్తుంది. ఆ 'ప్రో' అనే చిన్న ముక్క మీదే కేసు నిలబడుతుంది, పడిపోతుంది.

తర్వాత హెచ్ఆర్ వాళ్ల వాడకం. ఇది యాప్‌లో అసలు లేకపోవడం నాకు నమ్మశక్యంగా లేదు. పైఅధికారి ప్రమోషనో ఉద్యోగమో ఆశ చూపించి, లేదా ఊడగొడతానని బెదిరించి, దానికి బదులుగా లైంగికంగా లొంగమనడం, దాన్ని ఇంగ్లీషులో 'క్విడ్ ప్రో క్వో హెరాస్‌మెంట్' అంటారు. 1986లో మెరిటార్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఇలాంటి బేరం లేకపోయినా పనిచేసేచోట వాతావరణమే భరించలేనంతగా తయారైతే అది కూడా చట్టం కింద వివక్షే అని తేల్చింది. అప్పటినుంచి ఆఫీసు ట్రైనింగుల్లో ఈ రెండు రకాలనీ జంటగా చెప్తారు. వేరే దేశాల కంపెనీలతో పనిచేసేవాళ్లు ఈ మాటని మొదటిసారి చూసేది చాలావరకు అలాంటి ట్రైనింగు స్లైడులోనే. స్లైడు చూసి అర్థం కాక యాప్ తెరిచిన కొత్త ఉద్యోగికి పక్కింటి కుక్క కథ కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రాజకీయాల సంగతి అందరికీ తెలిసిందే. 2019లో అమెరికా అధ్యక్షుడి మీద అభిశంసన విచారణ నడిచినప్పుడు, ఉక్రెయిన్‌కి సాయం ఇవ్వడానికీ అక్కడ దర్యాప్తు ప్రకటించమనడానికీ మధ్య 'బదులు' అనేది ఉందా లేదా అని నెలల తరబడి వాదించుకున్నారు. ఆ ఏడాది మెరియమ్-వెబ్‌స్టర్ డిక్షనరీ ప్రకటించిన ప్రధాన పదాల జాబితాలో 'దే' (they) మొదటిదైతే దాని తర్వాత వచ్చింది ఇదే. అంత మంది వెతికారంటేనే సొంత భాష వాళ్లకి కూడా సరిగ్గా తెలియదని అర్థం. విచారణ మధ్యలో కొందరు ప్రతినిధులు, సాదా విషయాన్ని జనానికి చెప్పడానికి లాటిన్ ఎందుకు, లంచం అనో బెదిరింపు అనో సూటిగా చెప్పొచ్చు కదా అని ఈ మాటని పక్కన పెట్టారు కూడా. నాకు వాళ్ల మాటే సబబనిపిస్తుంది. మెయిల్లో మంచి ఉద్దేశంతో రాస్తుంటే 'ఎక్స్‌చేంజ్' అనండి, 'ఇన్ రిటర్న్' అనండి, బంగారంలాంటి మాటలు. ఆరోపణ చేస్తున్నప్పుడు మాత్రం ఈ లాటిన్ ముక్క పదునుగా ఉంటుంది. మన పత్రికల్లో 'నీకది నాకిది' అని రాస్తారు చూశారా, ఆ తెలుగు మాటలో ఉన్న వెటకారం ఇంగ్లీషు డిక్షనరీ అర్థం కంటే దీనికి చాలా దగ్గర. ఎవరు పుట్టించారో గానీ దండం పెట్టాలి.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. మనం 'క్విడ్ ప్రో కో' అని రాస్తాం, అంటాం. ఇంగ్లీషులో చివరిది 'క్వో', మొదటి ముక్కలో ఉన్న వ-ఒత్తు చివర కూడా ఉంటుంది. యాప్ ఆడియో దీన్ని స్పష్టంగానే పలికింది, అమెరికన్ గొంతు ఒకటి, బ్రిటిష్ గొంతు ఒకటి. దీనికి ఫుల్ మార్కులు. నేను కూడా ఆడియో విన్నాకే మార్చుకున్నాను, ఇరవై ఏళ్లుగా 'కో' అనే అంటున్నాను మరి.

రాసేటప్పుడు వచ్చే చిన్న చిన్న అనుమానాలకి యాప్‌లో జవాబు సగం ఉంది, సగం లేదు. బహువచనం 'క్విడ్ ప్రో క్వోస్' అని ఇచ్చారు, మంచిది. ఇటాలిక్స్ పెట్టాలా వద్దా చెప్పలేదు, ఇంగ్లీషులో ఇంత స్థిరపడ్డ మాటకి అక్కర్లేదు, మామూలు అక్షరాల్లో రాయొచ్చు. అన్నిటికన్నా పెద్ద తప్పు సమానార్థకాల దగ్గర ఉంది, 'టిట్ ఫర్ టాట్' అని పెట్టారు. అది దెబ్బకి దెబ్బ. నువ్వు నన్ను కొట్టావు, నేను నిన్ను కొడతాను. క్విడ్ ప్రో క్వో బేరం, ఇద్దరికీ ఏదో లాభం ఉంటేనే కుదురుతుంది. ఈ రెండూ ఒకటే అనుకుని ఎవరైనా నోటీసు రాస్తే పరువు పోతుంది. 'తప్పు చూపండి' అనే బటన్ నొక్కి పంపాను, మూడు నెలలైంది, ఇంకా అలాగే ఉంది.

క్విజ్‌లో 'ఉద్యోగి పనిచేస్తాడు, యజమాని జీతం ఇస్తాడు, ఇది క్విడ్ ప్రో క్వోనా' అని అడిగి, అవును అంటే తప్పు అని ఎర్ర గుర్తు వేసింది. పైన చెప్పాను కదా, న్యాయభాషలో అవును. మాటల పేజీలో మచ్చ లేని మాటగా చూపించి, క్విజ్‌కి వచ్చేసరికి మచ్చ ఉన్నట్టు మార్కులు వేస్తే నేర్చుకునేవాడు ఏది నమ్మాలి?

ఇక ఆ డబ్బా. ఐదు స్టార్లు ఇస్తే తెరుస్తాం అనడం యాప్‌లలో కొత్తేమీ కాదు, కానీ అలవాటైపోయింది కదా అని ఒప్పుకోలేం. రివ్యూ చదివేవాళ్లు అది ఇచ్చినవాడి మనసులో మాట అనుకుని చదువుతారు. వ్యాపారాల్లో మోసాల మీద కన్నేసి ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఆగస్టులో దీని మీద ఒక నిబంధన ఖరారు చేసింది, అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది. మెచ్చుకునే రాయాలనో తిట్టే రాయాలనో షరతు పెట్టి రివ్యూకి డబ్బుగానీ ఇంకేదైనా లాభంగానీ ఇవ్వకూడదని అందులో ఉంది. గమనించండి, అక్కడ కూడా తప్పు లాభం ఇవ్వడం దగ్గర లేదు, 'ఇలా రాస్తేనే' అన్న షరతు దగ్గర ఉంది. మళ్లీ అదే 'ప్రో'.

నేను స్టార్లు ఇవ్వలేదు, చందా కట్టి లోపలికెళ్లాను. లోపలేముందో పైన రాశాను. వెతకడానికి, ఆడియోకి, పొట్టి అర్థాలకి అయితే తీసుకోవచ్చు, పరీక్షలకి చదివేవాళ్లకి ఉచితంగా తెరిచి ఉన్న భాగమే సరిపోతుంది. అగ్రిమెంట్లు, హెచ్ఆర్, వార్తలు లాంటి చోట్ల ఈ మాటలతో నిజంగా పని ఉన్నవాళ్లు దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, పక్కన మంచి న్యాయ నిఘంటువు ఒకటి పెట్టుకోండి. మూడు స్టార్లు ఇస్తున్నా.

మొదట ఈ రివ్యూ పొట్టిగా నాలుగు లైన్లు రాసి, ఇవే మూడు స్టార్లతో పోయిన వారం పెట్టాను. మర్నాడే వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, దయచేసి రేటింగ్‌ని ఐదుకి మార్చండి, కృతజ్ఞతగా మూడు నెలల చందా పొడిగిస్తాం అని. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, వాళ్ల 'తప్పు చూపండి' బటన్ ద్వారానే, ఆ పేజీలో పక్కింటి కుక్క వాక్యం తీసేసి దీన్ని ఉదాహరణగా పెట్టుకోండి అని పంపాను. 'పరిశీలనలో ఉంది' అని చూపిస్తోంది.